ర్యామ్ పెంచాలా, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలా?

ఇంటి కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఒకే సంగతి అడిగాయి. కంప్యూటర్ నెమ్మదించింది, ర్యామ్ వేయించమని ఎవరో చెప్పారు, వేయించాలా అని. ర్యామ్ అంటే తెరిచిన ప్రోగ్రాములు పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ. అది చాలక నెమ్మదించిన కంప్యూటర్‌కు ర్యామ్ వేస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. వేరే కారణంతో నెమ్మదించినదానికి ఎంత వేసినా పైసలు దండగ. మీది ఏ రకమో ఇంట్లోనే, ఖర్చు లేకుండా, పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. మొదటి జవాబులో ఆ పద్ధతి వివరంగా ఇచ్చాం. మిగతావాళ్లు కూడా ముందు అది చదవండి.

ప్రశ్న: మా కంప్యూటర్ ఏడేళ్ల కింద అసెంబుల్ చేయించినం. ఎనిమిదో తరం కోర్ ఐ3 8100, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. స్విచ్ వేస్తే డెస్క్‌టాప్ వచ్చి మౌస్ కదిలేసరికి నాలుగైదు నిమిషాలు. మా పాప ఎప్‌సెట్ క్లాసులు దీంట్లోనే వింటది. చౌరస్తా దగ్గర షాపుల అడిగితే ఇంకో 8 జీబీ ర్యామ్ వేస్తే చాలన్నరు. వేయించాల్నా?
ఒక తల్లి, హనుమకొండ

జవాబు: షాపువాళ్ల మాటలో సగం నిజం ఉంది. మీ కంప్యూటర్‌కు ర్యామ్ కావాలి, నిజమే. కానీ మీరు పడుతున్న మొదటి బాధ, స్విచ్ వేశాక నాలుగైదు నిమిషాలు కూర్చోవడం, ర్యామ్ వల్ల వచ్చింది కాదు. అది హార్డ్ డిస్క్ వల్ల.

ఎందుకో చెబుతాం. సాధారణ డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, చదివే ముల్లు కిందికి వచ్చేదాకా సగటున సగం చుట్టు ఆగాలి. ముల్లు ఒక వరస నుంచి ఇంకో వరసకు జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. రెండూ కలిపి చూస్తే సెకనుకు దాదాపు 80 చోట్ల నుంచి మాత్రమే చదవగలదు. పెద్ద సినిమా ఫైలు ఒకే వరసలో ఉంటుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. విండోస్ లేచేటప్పుడు మాత్రం వేల కొద్దీ చిన్న ఫైళ్లు తలా ఒక మూల నుంచి కావాలి. అక్కడే కూర్చుండిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో అన్నీ చిప్పులే, తిరిగేదేమీ లేదు కాబట్టి అదే పని సెకనుకు వేల సార్లు చేస్తుంది.

ఇప్పుడు పరీక్ష. పాప క్లాసు వింటున్నప్పుడే, రోజూ తెరిచేవన్నీ తెరిచి ఉండగానే చేయండి. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న కిటికీలా వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కండి. పైన ‘పెర్ఫార్మెన్స్’లోకి వెళ్తే ఎడమ పక్క సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ అని వరసగా కనిపిస్తాయి. మెమరీ మీద నొక్కి ‘కమిటెడ్’ అన్నచోట ఉన్న రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు 6.1/8.9 అని ఉందనుకుందాం. మొదటిది, తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ కలిసి అడిగిన మెమరీ. రెండోది, ఉన్న ర్యామ్‌కు పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) కలిపితే వచ్చే హద్దు. మీ ర్యామ్ 4 జీబీ, అడిగింది 6.1 అయితే మిగతా 2 జీబీకి పైగా భారం పేజ్ ఫైలు మీద, విండోస్ లోపల చేసే కుదింపు మీద పడుతుంది. ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కు మారగానే డిస్క్ 100 శాతానికి ఎగబాకి, వీడియో ఆగి, మళ్లీ సర్దుకుంటుంటే అది కచ్చితంగా ర్యామ్ కొరతే. మెమరీ 60 శాతం దగ్గరే ఉండి డిస్క్ మాత్రం 100 దగ్గర నిలబడితే కొరత ర్యామ్‌ది కాదు, డిస్క్‌ది. ఆ రెండూ బాగానే ఉండి సీపీయూ 100 చూపిస్తే ర్యామ్ వేసినా, ఎస్‌ఎస్‌డీ వేసినా ఫలితం ఉండదు.

4 జీబీతో విండోస్ 10, క్రోమ్, వీడియో క్లాసు నడిపే చోట రెండు కొరతలూ కలిసే ఉంటాయి. రెండిట్లో ఒకటే కొనే వీలుంటే ముందు ఎస్‌ఎస్‌డీ కొనండి. 2.5 అంగుళాల సాటా రకం, 240 లేదా 256 జీబీ చాలు. పాత హార్డ్ డిస్క్ తీసేయక్కర్లేదు. ఫొటోలు, వీడియోలు దాంట్లోనే ఉంచి విండోస్‌ను మాత్రం ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి. మళ్లీ పైసలు సమకూరినప్పుడు ర్యామ్. ఎస్‌ఎస్‌డీ ఉంటే ర్యామ్ కొరత కూడా కొంత తట్టుకుంటుంది, ఎందుకంటే పేజ్ ఫైలు ఇప్పుడు వేగమైన చోట ఉంటుంది. ర్యామ్ ఎంత పెంచినా హార్డ్ డిస్క్ తిరిగే వేగం మాత్రం పెరగదు.

ర్యామ్ విషయానికొస్తే మీ బోర్డు మీద సాధారణంగా రెండు స్లాట్లే ఉంటాయి, ఒకటి ఖాళీగా ఉండి ఉంటుంది. డీడీఆర్4 రకం 8 జీబీ కార్డు ఒకటి వేస్తే మొత్తం 12 అవుతుంది. పాప చదువుకు, ఇంటి పనులకు అది ధారాళం. కార్డు మీద 3200 అని ఉన్నా మీ ప్రాసెసర్ దాన్ని 2400 దగ్గరే నడుపుతుంది. కాబట్టి వేగం పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి. ఇంకో మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ప్రాసెసర్ విండోస్ 11కు అర్హత ఉన్న తరానిదే. కొత్త ఎస్‌ఎస్‌డీలో ఎలాగూ విండోస్ ఎక్కించాలి కాబట్టి 11 ఎక్కించమనండి. అందుకు బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగులుండే చోట) టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులు ఆన్ చేయాలి.

ప్రశ్న: మా ఇంట్లో మూడో తరం ఐ5, హెచ్61 బోర్డు ఉన్న పాత కంప్యూటర్. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ తెప్పించాను. స్లాట్‌లో కూర్చోవడం లేదు. కొంచెం గట్టిగా నొక్కితే పడుతుందా?
డిగ్రీ విద్యార్థి, జమ్మికుంట

జవాబు: నొక్కకండి. అది ఎన్నటికీ పట్టదు, పట్టిస్తే బోర్డు పోతుంది. మీ బోర్డుకు కావలసింది డీడీఆర్3. దాని కింది అంచున 240 పిన్నులుంటాయి, డీడీఆర్4కు 288. నడుమ ఉండే గాటు కూడా వేరే చోట ఉంటుంది. తప్పు కార్డు పెట్టకుండా ఆపడానికే ఆ గాటు. డీడీఆర్3కు 1.5 వోల్టులు, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1. డీడీఆర్5కు కూడా 288 పిన్నులే గానీ గాటు మరో చోట. కాబట్టి పిన్నులు లెక్కపెట్టి ఒకటే అనుకోవద్దు. కార్డు ప్యాకింగ్ పాడు చేయకుండా వెంటనే వాపస్ పెట్టండి.

కొనేముందు ఏ రకమో తెలుసుకోవడానికి క్యాబినెట్ విప్పక్కర్లేదు. సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ‘మెమరీ’ పేజీ రకం చెబుతుంది, ‘ఎస్‌పీడీ’ పేజీ ఏ స్లాట్‌లో ఏ కార్డు ఉందో చెబుతుంది. విప్పి చూస్తే స్టిక్కర్ మీద పీసీ3-12800 అన్నట్టు ఉంటుంది. పీసీ3 అంటే డీడీఆర్3, పీసీ4 అంటే డీడీఆర్4. వెనక అంకెను 8తో భాగిస్తే కార్డు వేగం వస్తుంది. 12800ని భాగిస్తే 1600. పీసీ4-25600 అయితే 3200. పీసీ3 పక్కన ఎల్ ఉంటే అది 1.35 వోల్టుల రకం. మీ బోర్డులో 1.5 వోల్టుల దగ్గర కూడా నడుస్తుంది.

హెచ్61 బోర్డులో ఎక్కువలో ఎక్కువ 16 జీబీ, స్లాట్‌కు 8 చొప్పున. ఈ తరం బోర్డులున్న వాళ్లంతా ఒక మోసం గురించి తెలుసుకోవాలి. మిగతా కార్డుల కన్నా బాగా తక్కువ ధరకు దొరికే కొన్ని డీడీఆర్3 కార్డులు ఏఎండీ బోర్డుల్లోనే నడుస్తాయి. వివరాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాస్తారు, లేదా రాయరు. ఇంటెల్ బోర్డులో పెడితే తెర నల్లగానే ఉంటుంది. మీది ఇంటెల్. అమ్మేవాళ్లు ‘ఇంటెల్ బోర్డులో నడుస్తుంది, నడవకపోతే వాపస్’ అని బిల్లు మీద రాసిస్తేనే తీసుకోండి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. పెండ్లి పత్రికలు, కరపత్రాలు చేస్తం. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ 7 మీదనే పని. విండోస్ 7లో 4 జీబీ తీసి 8 వేయించిన. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో 8 అనే చూపిస్తది, పక్కకు 3.4 మాత్రమే వాడుకోవచ్చు అని ఉంది. ర్యామ్ నకిలీదా?
డీటీపీ ఆపరేటర్, మంథని

జవాబు: ర్యామ్ మంచిదే. మీ విండోస్ 32 బిట్‌ది. 32 బిట్లతో లెక్కపెట్టగలిగే చిరునామాలు 429 కోట్ల 49 లక్షల చిల్లర, అంటే సరిగ్గా 4 జీబీ. ఆ చిరునామాల్లోంచే గ్రాఫిక్స్, నెట్‌వర్క్ వంటి పరికరాలకూ వాటా పోతుంది. మిగిలిందే మీకు కనిపించే 3.4. ఇంకో 16 జీబీ వేసినా ఆ అంకె మారదు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లోనే ‘సిస్టమ్ టైప్’ దగ్గర 32 బిట్ అని రాసి ఉంటుంది, చూడండి.

64 బిట్ విండోస్ ఎక్కిస్తే 8 జీబీ మొత్తం వాడుకలోకి వస్తుంది. కానీ అది పాతదాని మీద అప్‌గ్రేడ్‌లా కూర్చోదు, డ్రైవ్ తుడిచి కొత్తగా ఎక్కించాల్సిందే. అందుకే మీలాంటి దుకాణం తొందరపడకూడదు. పెండ్లిళ్ల సీజన్ నడుమ అసలే వద్దు. ముందుగా మూడు సంగతులు చూసుకోండి. మీ లేజర్ ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ ఉందా? పాత ప్రింటర్లకు కొన్నిటికి ఉండదు, 32 బిట్ డ్రైవర్‌ను 64 బిట్ విండోస్ ఎక్కించుకోదు. డాంగుల్ పెడితేనే నడిచే ప్రోగ్రామ్ ఉంటే దానికీ ఇదే ప్రశ్న. మూడోది, బాగా పాత ప్రోగ్రాముల సెటప్ ఫైళ్లు కొన్ని 16 బిట్‌వి, అవి 64 బిట్ విండోస్‌లో తెరుచుకోవు. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామే గానీ, 32 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ విండోస్ నడుపుకుంటుంది.

అయితే అసలు మీకు 8 జీబీ అవసరమా అన్నదే మా ప్రశ్న. 32 బిట్ ప్రోగ్రామ్ ఒక్కొక్కటి మామూలుగా 2 జీబీ మించి వాడుకోలేదు. పేజ్‌మేకర్‌లో నాలుగు పేజీల పత్రికకు అందులో చిన్న భాగం కూడా పట్టదు. మీ పని అంతవరకే అయితే 3.4 జీబీ సరిపోతుంది, కొన్న ర్యామ్ వాపస్ ఇవ్వగలిగితే ఇచ్చేయండి. ఫ్లెక్సీలు, పెద్ద ఫొటోషాప్ ఫైళ్లు కూడా చేస్తుంటే మాత్రం 64 బిట్‌కు మారడం మేలు. మారేటప్పుడు అను ఫాంట్ల ఫోల్డర్, కస్టమర్ల ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాకే పాత డ్రైవ్ తుడవనివ్వండి. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. కాబట్టి ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా, పత్రికల పనికి మాత్రమే ఉంచుకోవడం కూడా మంచి పద్ధతే.

ఒకవేళ 64 బిట్ ఎక్కించాక కూడా తక్కువే చూపిస్తే స్టార్ట్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని కొట్టి, వచ్చే కిటికీలో బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి ‘మ్యాగ్జిమమ్ మెమరీ’ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. ఆ టిక్ ఎవరైనా ‘స్పీడ్ కోసం’ పెట్టి మరిచిపోవడం తరచుగా జరిగేదే.

ప్రశ్న: పెండ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. 12×36 షీట్లు చేసేటప్పుడు ఫొటోషాప్ ఆగి ఆగి నడుస్తోంది. 32 చేయించనా, కొత్త ప్రాసెసర్ కొననా?
ఫొటోగ్రాఫర్, జగిత్యాల

జవాబు: మీ ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పవచ్చు. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చొప్పున, నిలువుగా 3600, అడ్డంగా 10800 పిక్సెళ్లు, మొత్తం 3 కోట్ల 88 లక్షల 80 వేలు. ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులు, రంగుకు ఒక బైటు. ఒక్క పొర నిండుగా ఉంటే 11 కోట్ల 66 లక్షల బైట్లు, అంటే దాదాపు 111 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్, టెక్స్‌చర్, నాలుగు ఫొటోలు, మాస్కులు, ఫ్రేములు కలిపి ఇరవై పొరలు దాటడం మీ పనిలో మామూలే. పొరలన్నీ షీటు నిండా ఉండవు గానీ, ఒక షీటు 1 జీబీ దాటడం కష్టం కాదు. ఫైలును 16 బిట్‌లో తెరిచి ఉంటే అంతా రెట్టింపు. దీనికి హిస్టరీ తోడు. మీరు వెనక్కి వెళ్లడానికి వీలుగా మార్చిన ప్రతి భాగం పాత రూపాన్ని ఫొటోషాప్ దాచి పెట్టుకుంటుంది. ఇక నాలుగైదు షీట్లు పక్కపక్కన తెరిచి పెట్టుకుంటే 16 జీబీ నిండిపోతుంది.

మీకు చాలుతోందో లేదో ఫొటోషాప్ తనే చెబుతుంది. కిటికీ కింది అంచున డాక్యుమెంట్ సైజు చూపే చోట పక్కనున్న బాణం నొక్కి ‘ఎఫిషియెన్సీ’ ఎంచుకోండి. పని నడుస్తుండగా అది 100 శాతం దగ్గరే ఉంటే ర్యామ్ సరిపోతున్నట్టు. 100 కిందికి దిగి అక్కడే ఉంటే మెమరీ చాలక స్క్రాచ్ డిస్క్‌లో, అంటే డిస్క్ మీద తాత్కాలికంగా వాడుకునే చోట, రాసుకుంటున్నట్టు. రెండో సందర్భంలోనే 32 జీబీకి వెళ్లండి, తేడా ఆ రోజే తెలుస్తుంది. ఎఫిషియెన్సీ 100 ఉండి కూడా ఫిల్టర్ వేసినప్పుడు మాత్రమే ఆగుతుంటే ప్రాసెసర్ వైపో గ్రాఫిక్స్ కార్డు వైపో చూడాలి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు నెమ్మదిగా ఉండటం కూడా ప్రాసెసర్ సంగతే.

కొనకముందు చేసి చూడాల్సినవి ఉన్నాయి. ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ తెరిస్తే ఫొటోషాప్ ఎంత మెమరీ వాడుకోవచ్చో చూపే గీత ఉంటుంది. మామూలుగా 70 శాతం దగ్గర ఉంటుంది, పక్కన క్రోమ్ తెరవకుండా పనిచేసేటట్టయితే 80 దాకా జరపవచ్చు. హిస్టరీ స్టేట్స్ 50 ఉంటే 20కి తగ్గించండి. ఆల్బమ్‌కు 8 బిట్ చాలు. స్క్రాచ్ డిస్క్‌గా ఎస్‌ఎస్‌డీనే ఎంచుకున్నారో లేదో చూడండి, అందులో కనీసం 50 జీబీ ఖాళీ ఉంచండి. చాలామంది ఎస్‌ఎస్‌డీని ఫొటోలతో నింపేసి స్క్రాచ్‌ను హార్డ్ డిస్క్ మీదికి తోస్తారు. ఇవన్నీ చేశాక కూడా ఎఫిషియెన్సీ పడిపోతుంటే ర్యామ్ కొనడంలో వెనకాడకండి. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ఉన్నవాటికి జతగా అదే రకం 8 జీబీ రెండు కార్డులు, రెండే ఉంటే పాతవి అమ్మి 16 జీబీ రెండు.

ప్రశ్న: నేనే ర్యామ్ వేసిన. ఇప్పుడు ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతది, బీప్ బీప్ అంటది, తెర మీద ఏమీ రాదు. ఇంకోటి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే సన్నగ జుమ్మంటది. రెంటికి సంబంధం ఉందా?
సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

జవాబు: రెండో దాన్ని ముందు చెబుతాం, అది మనిషి ప్రాణానికి సంబంధించింది. మీ సాకెట్‌కు ఎర్తింగ్ లేదు, లేదా తెగిపోయింది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బాలో) ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ ఇనుముకు కలిపి ఉంటాయి. ఎర్త్ తీగ బాగుంటే వాటి గుండా వచ్చే సన్నటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఇనుము మీద దాదాపు సగం వోల్టేజీ, 115 వోల్టుల దగ్గర నిలబడుతుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. వచ్చే కరెంటు అతి తక్కువ కాబట్టి జుమ్మనడంతో సరిపోతోంది. కానీ రేపు ఎస్‌ఎంపీఎస్ లోపల తీగ తెగి ఇనుముకు తగిలితే ఆ సన్నదనం ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ సరిచేయించండి. ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేసి ‘అయిపోయింది’ అనే వాళ్లున్నారు, అలా చేయనివ్వకండి. న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ మొత్తం కరెంటు అవుతుంది. ఎర్తింగ్ గుంత ఉండి ఎండాకాలంలోనే జుమ్మంటుంటే గుంత ఎండిపోయి ఉంటుంది, వారానికి రెండుసార్లు నీళ్లు పోయండి.

సంబంధం ఉందా అంటే, ఉండవచ్చు. ప్లగ్ పెట్టి ఉండగా ఆ ఇనుము పక్కన ర్యామ్ పట్టుకుంటే చిప్పులకు దెబ్బ తగలవచ్చు. కానీ ఎక్కువసార్లు కారణం ఇంత పెద్దది కాదు, కార్డు సరిగ్గా కూర్చోకపోవడమే.

ప్లగ్ పీకండి, స్విచ్ ఆపడం చాలదు. పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను పడుకోబెట్టి, రంగు లేని ఇనుము భాగాన్ని చేత్తో ముట్టుకోండి. తివాచీ మీద, సిల్కు బట్టల్లో ఈ పని పెట్టుకోవద్దు. స్లాట్ చివరల గొళ్లాలు బయటికి నెట్టి రెండు కార్డులూ తీయండి. బొగ్గు ధూళి ఉండే ప్రాంతం కాబట్టి స్లాట్‌లోకి బ్లోయర్‌తోనో, ఎండిన మెత్తటి బ్రష్‌తోనో దుమ్ము పోనివ్వండి, నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. కార్డు బంగారు పళ్లను పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా ఒకసారి రుద్ది, పొట్టంతా దులిపేయండి. గట్టిగా పదేపదే రుద్దితే ఆ పూత అరిగిపోతుంది.

ఇప్పుడు ఒకే కార్డు, పాతది, దాని పాత స్లాట్‌లోనే పెట్టండి. గాటు సరిచూసి రెండు చివరలా బొటనవేళ్లతో సమానంగా నొక్కితే గొళ్లెం తనంతట తానే టక్‌మని పడాలి. గొళ్లాన్ని చేత్తో మూసి కార్డు కూర్చుందనుకోవడమే కొత్తవాళ్లు చేసే ప్రధానమైన పొరపాటు. కొన్ని బోర్డులకు ఒక పక్కే గొళ్లెం ఉంటుంది, రెండో పక్క కూడా అంతే లోతు దిగిందో లేదో కళ్లతో చూడండి. తెర వస్తే ఆపి, కొత్తదొక్కటే పెట్టి చూడండి. కొత్తది ఏ స్లాట్‌లోనూ రాకపోతే కార్డు చెడింది లేదా బోర్డుకు సరిపడనిది. ఒక స్లాట్‌లో ఏ కార్డూ రాకపోతే స్లాట్ చెడింది. రెండూ విడిగా వచ్చి కలిపితే రాకపోతే బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి అయిదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి, బయోస్ పాత సెట్టింగులు మరిచిపోతుంది. డీడీఆర్5 బోర్డులున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: కొత్త కార్డు పెట్టాక మొదటిసారి తెర రావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటుంటుంది. కంగారుపడి నడుమ ఆపేయకండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచవచ్చో లేదో విప్పకుండా తెలుస్తుందా?
ఉపాధ్యాయురాలు, నర్సంపేట

జవాబు: చాలావరకు తెలుస్తుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ దగ్గర 1 ఆఫ్ 2 అని ఉండి, ‘ఫామ్ ఫ్యాక్టర్’ దగ్గర సోడిమ్ అని ఉంటే ఒకటి ఖాళీ. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్‌ను బోర్డుకే అతికించారు, దాన్ని మార్చలేరు. సగం అతికించి ఒక స్లాట్ వదిలిన మోడళ్లూ ఉన్నాయి కాబట్టి కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి సరిచూసుకోండి. డెస్క్‌టాప్ కార్డు ల్యాప్‌టాప్‌కు పనికిరాదు, దీనిది పొట్టి కార్డు. డీడీఆర్4 అయితే 260 పిన్నులు. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌లోనే వేయించండి.

ప్రశ్న: 8 జీబీలో ఎప్పుడు చూసినా 70, 75 శాతం వాడుకలో ఉంది. ర్యామ్ క్లీనర్ వేస్తే 40కి దిగింది, కానీ కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది. ఎందుకు?
పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ఖాళీగా పడి ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు. 75 శాతం అంటే ఇంకా 2 జీబీ అందుబాటులో ఉంది, మీకు కొరత లేదు. క్లీనర్లు చేసేదేమిటంటే, నడుస్తున్న ప్రోగ్రాముల మెమరీని బలవంతంగా బయటికి నెట్టడం. అంకె తగ్గుతుంది, కానీ మరుక్షణం ఆ ప్రోగ్రామ్‌కు అవే పేజీలు కావాలి, వాటిలో కొన్నిటిని డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. మీరు చూసిన నెమ్మది అదే. క్లీనర్ తీసేయండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరిచి అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఆన్ చేయండి. రోజూ షట్‌డౌన్ చేసేవాళ్లు వారానికోసారి రీస్టార్ట్ కూడా నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌తో విండోస్ లోపలి భాగం పూర్తిగా కొత్తగా మొదలవదు, రీస్టార్ట్‌తో మొదలవుతుంది.

ప్రశ్న: ఇంట్లో 8 జీబీ ఒకటి, 4 జీబీ ఒకటి డీడీఆర్4 కార్డులున్నాయి. కలిపి వేయవచ్చా? వేర్వేరు కంపెనీలు.
పాఠకుడు, మానుకోట

జవాబు: వేయవచ్చు. రెండూ తక్కువ వేగమున్న కార్డు వేగంతో నడుస్తాయి. ఇంటెల్ బోర్డుల్లో చిన్న కార్డులోని 4కు పెద్దదానిలోని 4 జతగా, పెద్దదానిలో మిగిలిన 4 ఒంటరిగా నడుస్తాయి, దానితో నష్టం లేదు. ఒకే కార్డు 8 కన్నా రెండు కార్డులు ఉండటం మేలు, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే నడిచేవాటికి. నాలుగు స్లాట్ల బోర్డులో అయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడండి.

ప్రశ్న: ర్యామ్ ధరలు బాగా పెరిగినయ్. పాతది కొనుక్కుంటే తప్పా? పరీక్షించేది ఎట్ల?
పాఠకుడు, కరీంనగర్

జవాబు: 2025 చివరి నుంచి మెమరీ ధరలు పెరిగిన మాట నిజం. ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీ వైపు తయారీ కంపెనీలు మళ్లడం దానికి పెద్ద కారణం. 4 జీబీతో రోజూ ఇబ్బంది పడేవాళ్లు ధర తగ్గేదాకా ఆగమని మేం చెప్పం. 8 ఉండి 16 చేద్దామనుకునేవాళ్లు పైన చెప్పిన కమిటెడ్ పరీక్ష చేసి, అంకె 8 దాటకపోతే ఆగండి.

పాతది కొనడంలో తప్పేమీ లేదు. ర్యామ్‌లో అరిగే భాగాలు లేవు, పదేళ్లు వాడినదీ కొత్తదానిలాగే నడుస్తుంది. కానీ చెడినది చూపుకు తెలియదు. వాపస్ ఇవ్వడానికి కనీసం మూడు రోజుల గడువు అడగండి. ఆ రాత్రే మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతోనే కంప్యూటర్ లేపి, నాలుగు పాస్‌లు (విడతలు) పూర్తిగా నడవనివ్వండి. 8 జీబీకి కొన్ని గంటలు పడుతుంది. పరీక్షకు ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే వేగం వల్ల వచ్చిన తప్పు, కార్డు తప్పులా కనిపిస్తుంది. ఎర్ర అక్షరాల్లో ఒక్క తప్పు చూపినా కార్డు వాపస్ ఇవ్వాల్సిందే. ‘ఒక్కటే కదా’ అని ఉంచుకుంటే నీలి తెరలు రావడం ఒక్కటే కాదు, మీరు సేవ్ చేసే ఫైళ్లలోకి ఆ తప్పు మెల్లగా చేరుతుంది, ఫొటోలు తెరుచుకోని రోజు వచ్చేదాకా తెలియదు. పెన్‌డ్రైవ్ లేనివాళ్లు స్టార్ట్‌లో ఎండీషెడ్ (mdsched) అని కొట్టి విండోస్ సొంత పరీక్ష నడపవచ్చు. అది మొదలయ్యాక ఎఫ్1 నొక్కి ‘ఎక్స్‌టెండెడ్’ ఎంచుకోండి, మామూలు పరీక్షకు చాలా తప్పులు దొరకవు.